కొండవాగు నీళ్లు, పటిక మోతాదు – 4వ పాఠం: బురద పోయాక మిగిలే ఆకు రసం

పోయిన పాఠంలో బురద సంగతి చూశాం. పటిక వేసి, ముద్ద కట్టించి, తేర్చి, మసకను కొలిచే టర్బిడిటీ మీటర్‌లో 1 కంటే కిందికి తెచ్చాం. చాలామంది ఆపరేటర్లు అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

జూన్‌లో తొలి వానలు పడ్డాక ఒడిశాలోని గుణుపురంలో వంశధార నీళ్లు ఒక గ్లాసు తీసుకుని ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. కిందికి దిగిన నీళ్లను తెల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి. పల్చని టీ రంగు కనబడితే అది బురద కాదు, నీళ్లలో కరిగిన సేంద్రియ పదార్థం. రాయగడ దగ్గర నాగావళికి, పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయకు కూడా ఇదే పరీక్ష. ఈ ఏరులన్నిటికీ నీళ్లు కొండల మీంచే వస్తాయి. వేసవంతా రాలిన ఆకులు, గడ్డి, పేడ మట్టిలో కుళ్లి ఉంటాయి. వాటి రసం మొదటి వరదతో ఏట్లోకి దిగుతుంది. అందులో ఎక్కువ భాగం హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు.

ఆకు రసమే కదా, తాగితే ఏమవుతుంది అని అడగొచ్చు. చిక్కు ఆ రసంతో కాదు, దానికి క్లోరిన్ తగిలినప్పుడు వస్తుంది. రెండూ కలిస్తే క్లోరోఫాం, దాని జాతి పదార్థాలు పుడతాయి. ఏళ్ల తరబడి తాగితే హాని చేసే వీటిని ట్రైహాలోమీథేన్లు అంటారు. రోటర్‌డామ్ నీటి సరఫరాలో పనిచేసిన రూక్ అనే కెమిస్ట్ 1974లో ఈ సంగతి బయటపెట్టాడు. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంకో నష్టం కూడా ఉంది. ఆకు రసం క్లోరిన్‌ను తినేస్తుంది. ట్యాంకు దగ్గర వేసిన క్లోరిన్ చివరి వీధి కుళాయి దాకా నిలవదు.

నేను మొదట పనిచేసిన ప్లాంట్‌లో ఈ తప్పే జరిగింది. చివరి వీధిలో క్లోరిన్ చూపించడం లేదని ఏటి నీళ్లు ప్లాంట్‌లోకి వచ్చే ఇన్‌టేక్ దగ్గరే బ్లీచింగ్ పెంచుతూ పోయాం. అంటే, ఆకు రసం నిండా ఉన్నచోటే క్లోరిన్ కలిపాం. ముందు రసాన్ని తీయాలి, క్లోరిన్ ఆ తర్వాత వేయాలి. అలాగని భయపడి క్లోరిన్ తగ్గించకండి. క్రిములు చేసే హాని ఈ రోజే కనబడుతుంది. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా మిగలాల్సిందే.

ఇక చేతిపని. పటిక కొనేటప్పుడు ఒడియా కొట్టులో ఫిట్‌కిరి అని అడగండి. 10 గ్రాములు తూచి లీటరు నీళ్లలో కరిగించండి. ఈ ద్రావణం 1 మిల్లీలీటరు లీటరు నీళ్లలో పోస్తే మోతాదు 10 మిల్లీగ్రాములు అవుతుంది. ఆరు జార్లలో లీటరు చొప్పున ఏటి నీళ్లు పోసి 20, 30, 40, 50, 60, 70 మిల్లీగ్రాముల మోతాదులు వేయండి. ఒక నిమిషం వేగంగా, తర్వాత ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. అరగంట కదపకుండా వదిలేయండి. మెషీన్ లేకపోతే గరిటెతో తిప్పినా సరే, కానీ ఆరింటినీ ఒకేలా తిప్పాలి.

పైన తేరిన నీళ్లను వడకట్టాకే రంగు చూడాలి. వడకట్టకపోతే మిగిలిన నలుసుల మసక కూడా రంగులా కనబడి మోసపోతాం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పీహెచ్ పెరిగితే ఈ రంగు చిక్కబడుతుంది. అందుకే జార్లన్నిటినీ ఒకే పీహెచ్‌కు తెచ్చి పోల్చండి.

ఉదాహరణకు ఇలా వచ్చిందనుకోండి: 30 దగ్గరే మసక పోయింది. రంగు మాత్రం 40, 50 దాకా తగ్గుతూ వచ్చి, 60 వేసినా అంతకంటే తగ్గలేదు. అప్పుడు మీ మోతాదు 50. మసకనే చూసేవాడు 30 దగ్గర ఆగి, ఆకు రసాన్ని ఊరికి పంపుతాడు.

కళ్ల మీద నమ్మకం లేకపోతే క్లోరిన్‌తో సరిచూడండి. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ 1 గ్రాము 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తేరనివ్వండి. అందులో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటుంది. వడకట్టిన ఒక్కో అర లీటరులో 1 మిల్లీలీటరు వేసి, అరగంట చీకట్లో ఉంచి, మిగిలిన క్లోరిన్ కొలవండి. ఎక్కువ మిగిలిన జారులోంచి క్లోరిన్‌ను తినేవి ఎక్కువగా పోయాయన్నమాట. అమ్మోనియా, ఇనుము కూడా క్లోరిన్‌ను తింటాయి కాబట్టి దీన్ని రంగుతో కలిపే చదవాలి.

పీహెచ్ సంగతి ఇంకొంచెం. ఆకు రసం పటికకు బాగా చిక్కేది పీహెచ్ 6 చుట్టుపక్కల. పటిక తానే పీహెచ్‌ను కిందికి లాగుతుంది, 1 మిల్లీగ్రాముకు దాదాపు సగం మిల్లీగ్రాము క్షారతను (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని) తింటుంది. 60 వేస్తే 30 పోయినట్టే. వానాకాలంలో కొండనీళ్లలో క్షారత తక్కువగా ఉంటే పీహెచ్ మరీ పడిపోయి, ముద్ద కట్టదు, పటికలోని అల్యూమినియం నీళ్లలోనే మిగులుతుంది. అప్పుడు మాత్రమే ముందుగా కాస్త సున్నం వేయాలి. మామూలుగా అయితే సున్నం ఫిల్టర్ దాటాక వేసి, పీహెచ్‌ను 6.5 పైకి తెచ్చి పంపాలి. అలవాటు కొద్దీ మొదట్లోనే సున్నం కుమ్మరించే చోట పటిక ఎంత వేసినా రంగు విరగదు.

ఊళ్లలో పెద్దలు చిల్లగింజ అరగదీసి కుండలో కలుపుతారు. బురదకు అది మంచి ఉపాయమే. కానీ ఆ గింజలోదీ సేంద్రియ పదార్థమే కాబట్టి, ఈ రసానికి అది మందు కాదు.

పటిక పెద్ద అణువులనే బాగా పట్టుకుంటుంది, చిన్నవి తప్పించుకుపోతాయి. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ (కరిగినవాటిని పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు) కావాలి, అది ఐదో పాఠంలో. ఈలోగా మీ ఏటి నీళ్లతో ఈ పరీక్ష రెండుసార్లు చేయండి, ఒకటి ఎండ రోజున, ఒకటి గట్టి వాన పడ్డ మర్నాడు. ఆరు జార్ల మసక, రంగు, పీహెచ్, మిగిలిన క్లోరిన్ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఐదో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.