హై-రెస్ ప్లాన్ కొనే ముందు ఓ చిన్న పరీక్ష

మ్యూజిక్ యాప్‌లో హై-రెస్ ఆడియోకి (సీడీ కంటే ఎక్కువ వివరంగా ఉండే పాటల ఫైళ్లకి) ఎక్కువ డబ్బు కట్టే ముందు ఇది చేసి చూడండి. మీకు బాగా తెలిసిన పాట 24 బిట్ ఫ్లాక్ ఫైల్ (క్వాలిటీ తగ్గకుండా కంప్రెస్ చేసినది) తీసుకుని, దాన్నుంచే 320 కేబీపీఎస్ ఎంపీ3 (కొంత డేటా తీసేసి చిన్నది చేసిన ఫైల్) తయారు చేసుకోండి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకుంటే మాస్టరింగ్ (పాటకి చివర్లో చేసే సౌండ్ సర్దుబాటు) తేడా వినిపించి, అదే ఫార్మాట్ గొప్ప అనుకుంటాం. రెండింటి సౌండ్ సమానంగా పెట్టి, ఏది ఏదో చెప్పకుండా పక్కవాళ్లను ఓ 20 సార్లు మార్చి మార్చి ప్లే చేయమనండి. ప్లే అవుతున్నది ఏదో మీరు సగం సార్లే సరిగ్గా చెప్పారంటే అది ఊహే. నేనైతే బోల్తా పడ్డాను!

మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు. దానికి సీడీ 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలవడం) చాలు. పైగా బ్లూటూత్‌లో పాట మామూలుగా మళ్లీ కంప్రెస్ అవుతుంది. ఆ డబ్బేదో మంచి ఇయర్‌ఫోన్స్‌కి పెట్టండి. వాటి రబ్బరు టిప్స్ చెవికి సరిగ్గా పట్టకపోతే మాత్రం బేస్ పలచబడిపోతుంది.