కంప్యూటర్ టైమ్ తప్పితే ఎలా సరిచేసుకోవాలి?

మా ఇంట్లో ఓ పాత డెస్క్‌టాప్ ఉంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఏ సైటూ తెరుచుకోలేదు. 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటూ ఒకటే హెచ్చరిక. వైరస్ అనుకుని గంటసేపు స్కాన్ చేశాను. తీరా చూస్తే స్క్రీన్ మూలన తేదీ 2009 జనవరి 1!

సైట్ అసలుదేనని బ్రౌజర్‌కు చూపే డిజిటల్ పత్రమే సర్టిఫికెట్. దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. 2009లో ఉండిపోయిన కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. హెచ్చరికను దాటుకుని లోపలికి వెళ్లకండి, బ్యాంకు సైట్లయితే అసలే వద్దు. టైమ్ సరిచేయండి. విండోస్ 11లో ఇలా:

1. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరవండి. ముందు టైమ్ జోన్ చూడండి. ఇండియాలో ఉంటే యూటీసీ+05:30 (యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం).

2. ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, తేదీ, సమయం మీరే పెట్టండి. సంవత్సరం మర్చిపోవద్దు. తేడా 15 గంటలు దాటితే విండోస్ మామూలుగా తనంతట తాను దిద్దుకోదు, అందుకే ఈ పని.

3. ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేసి 'సింక్ నౌ' నొక్కండి. బ్రౌజర్ మూసి తెరవండి.

4. ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ పాత తేదీకే పోతుంటే మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మీద గడియారాన్ని నడిపే బ్యాటరీ అయిపోయినట్టే. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల ఉంటుంది. ప్లగ్ పీకి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా కేస్ ఇనుమును ఓసారి ముట్టుకుని, బిళ్ల పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో నెడితే అది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆన్ చేశాక బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్ తెర) తేదీ పెట్టి సేవ్ చేయాలి. ల్యాప్‌టాప్ అయితే షాపుకే ఇవ్వండి.

లినక్స్, విండోస్ రెండూ ఉన్న మెషీన్‌లో సరిగ్గా ఐదున్నర గంటలు తేడా వస్తే పాపం బ్యాటరీది కాదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. లినక్స్‌ను లోకల్ టైమ్‌కి మార్చితే గొడవ తీరుతుంది.

ఫోన్‌కీ ఈ తిప్పలుంటాయి. లాగిన్ కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ 30 సెకన్లకోసారి మార్చే ఆ కోడ్ టైమ్‌ను బట్టే పుడుతుంది. గడియారం రెండు నిమిషాలు తప్పినా లాగిన్ కాకపోవచ్చు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీకి ఈ బాధ లేదు.

ఇంకొక్కటి. టైమ్ తప్పి ఉన్నప్పుడు సేవ్ చేసిన ఫైళ్లను వెతికి, మళ్లీ సేవ్ చేయండి. తేదీ చూసి కొత్తవే కాపీ చేసే బ్యాకప్ వాటిని పాతవనుకుని వదిలేస్తుంది. నావి రెండు ఎక్సెల్ షీట్లు అలాగే ఫోల్డర్ అడుగున దొరికాయి.