మరకను బట్టే మందు: ఇంటి శుభ్రతలో సమస్య - పరిష్కారం

యాసిడ్, ఘాటైన క్లీనర్లు మానేసి నిమ్మకాయ, తినే సోడా, కుంకుడుకాయలతో ఇల్లు శుభ్రం చేసుకోవాలని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే మళ్లీ యాసిడ్ సీసా కొంటారు. ఎంత రుద్దినా పోవట్లేదండీ అంటారు. తప్పు నిమ్మకాయది కాదు. నూనె జిడ్డు మీద నిమ్మచెక్క రుద్ది, సున్నపు మరక మీద సోడా చల్లితే సాయంత్రం దాకా తోమినా చెయ్యి నొప్పే మిగులుతుంది. సున్నపు మరకకు పులుపు కావాలి. నూనె జిడ్డుకు సోడా కావాలి. పసుపు లాంటి రంగుకు ఎండ కావాలి. ముందు మరక ఏ రకమో తేల్చుకోండి, తర్వాతే డబ్బా తెరవండి.

కుళాయిలు, బకెట్లు, గాజు తలుపుల మీద తెల్లటి పొర

బోరు నీళ్లు వాడే చాలా ఇళ్లలో ఉండేదే. గోటితో గీకితే పొడిలా రాలుతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, నీరు ఆరిపోయాక కార్బొనేట్ రూపంలో అంటుకుపోతుంది. సబ్బు తోడైతే ఆ కాల్షియంతో కలిసి తెట్టులా కడుతుంది. దీని మీద సోడా ఎంత చల్లినా దండగే.

లీటరు వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు, అంటే కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్, కలపండి. పాత గుడ్డ అందులో ముంచి కుళాయికి చుట్టి అరగంట ఉంచి, రుద్ది కడిగేయండి. వెనిగర్ అయినా పనిచేస్తుంది. అందులో ఉండే పులుపు 4 నుంచి 5 శాతమే కాబట్టి మందపాటి పొరకు రెండు మూడుసార్లు చెయ్యాలి. రాత్రంతా చుట్టి వదిలేయకండి, కుళాయి మెరుపు పూత దెబ్బతింటుంది. షవర్ రంధ్రాలు పూడుకుపోతే ఇదే నీళ్లు ప్లాస్టిక్ కవర్‌లో పోసి, షవర్ తల మునిగేలా రబ్బరు బ్యాండుతో బిగించండి. నీళ్లు కాచే కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి గారకూ ఇదే వైద్యం: ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి నీళ్లు మరిగించి, ఇరవై నిమిషాలాగి పారబోసి, ఒకసారి మంచినీళ్లు కాచి వంచేస్తే చాలు.

నిమ్మకాయతో తుడిచాక బండ మెరుపు పోయింది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో జరిగే నష్టాల్లో మన చేత్తో మనం సరిచెయ్యలేనిది ఇదే. కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ, ఇవన్నీ సున్నపురాయి జాతివే. పాలరాయీ అంతే. కుళాయి మీద గారను కరిగించిన పులుపే ఈ బండనూ కరిగిస్తుంది. అనుమానం ఉంటే బండ మూల, ఎవరికీ కనబడని చోట ఒక్క నిమ్మరసం చుక్క వేసి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు లేచినా, తుడిచాక అక్కడ మసకగా మచ్చ పడినా అది సున్నపురాయే. నల్లటి కడప బండ గట్టు మీద నిమ్మచెక్క బోర్లించి మర్చిపోతే పొద్దుటికి గుండ్రటి బూడిదరంగు మచ్చ కనబడేది అందుకే. అది మురికి కాదు, రాయి అరిగిన చోటు. ఎంత తోమినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే.

ఇలాంటి బండలకు కుంకుడు రసం కలిపిన గోరువెచ్చటి నీళ్లు చాలు. చింతపండు పులుసు, మజ్జిగ ఒలికితే వెంటనే తుడవండి. గ్రానైట్ గట్టుకు ఈ భయం చాలావరకు లేదు.

సోడా, వెనిగర్ కలిపితే బాగా పొంగింది, మరక మాత్రం అలాగే ఉంది

పొంగు చూడటానికి బాగుంటుంది. కానీ సోడా, పులుపు కలిశాక రెండిటి బలమూ పోతుంది. బుడగలన్నీ కార్బన్ డయాక్సైడ్, మిగిలేది ఉప్పదనం ఉన్న నీళ్లే. ఈ రెండూ కలిపి సీసాలో పోసి దాచుకోవడం వృథా, పైగా మూత గట్టిగా బిగిస్తే సీసా పగలొచ్చు. ఏదో ఒకటి వాడండి. రెండూ అవసరమైతే ఒకదానితో తుడిచి, కడిగి, తర్వాత రెండోది.

సింకులో నీళ్లు మెల్లగా దిగుతున్నా ఈ పొంగు మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ అడ్డం పడింది నూనె జిడ్డు, అన్నం మెతుకులు. ముందు రబ్బరు పంపుతో నాలుగుసార్లు గట్టిగా కొట్టండి. తర్వాత చాకలి సోడా కలిపిన వేడినీళ్లు పొయ్యండి. పీవీసీ పైపులైతే మరుగుతున్న నీళ్లు వద్దు, చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు.

స్టవ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద బంకలా పట్టిన జిడ్డు

పోపు ఆవిరిలో పైకి లేచిన నూనె వేడికీ గాలికీ గట్టిపడి జిగురవుతుంది. దానికి దుమ్ము తోడు. తినే సోడా దీనికి చాలదు, చాకలి సోడా కావాలి. లీటరు వేడినీళ్లకు రెండు పెద్ద చెంచాలు వేసి, విప్పిన ఇనుప రెక్కలు, స్టీలు బర్నర్ ప్లేట్లు అరగంట నానబెట్టండి. జిడ్డు దానంతటదే ఊడి వస్తుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. అల్యూమినియం వస్తువులు మాత్రం ఇందులో వెయ్యకూడదు, నల్లబడి గుంటలు పడతాయి. చిమ్నీ జాలీ అల్యూమినియమో స్టీలో తెలియకపోతే కుంకుడు రసం, వేడినీళ్లతోనే సరిపెట్టండి.

కుక్కర్ లోపల నల్లగా అయింది

అల్యూమినియం కుక్కర్‌లో బోరు నీళ్లు పోసి కాస్తే ఇలా అవుతుంది. నలుపు దాకా నీళ్లు పోసి, పిండేసిన నిమ్మచెక్కలు గానీ కాస్త చింతపండు గానీ వేసి పది నిమిషాలు మరిగించండి. రోజూ ఇడ్లీలు, గిన్నెలు పెట్టేటప్పుడు అడుగు నీళ్లలో ఒక నిమ్మచెక్క పడేస్తే మళ్లీ రాదు.

ఇత్తడి దీపం నిన్న తోమితే ఇవాళ్టికే మబ్బుగా, గులాబీ మచ్చలతో ఉంది

చింతపండు పట్టించి ఎక్కువసేపు వదిలేశారన్నమాట. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుపు జింకును లాగేస్తే రాగి రంగు బయటపడుతుంది. చింతపండు, ఉప్పు కలిపి రుద్దిన నిమిషం రెండు నిమిషాల్లోనే కడిగేయాలి. చెక్కిన పువ్వుల సందుల్లో పులుపు మిగలకుండా పాత టూత్‌బ్రష్‌తో తోమి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పొడి విభూతితో చివరిసారి రుద్దండి. మచ్చలు పడినవాటికి కూడా ఈ విభూతి రుద్దుడే మందు.

పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడింది

కంగారు పడకండి, బట్ట పాడవలేదు. పసుపులో సున్నం కలిపి హారతి నీళ్లు ఎర్రగా చేస్తాం కదా, సబ్బులోని క్షారంతోనూ జరిగేది అదే. మంచినీళ్లతో బాగా జాడించి, తడిగా ఉండగానే మరక పైకి వచ్చేలా ఎండలో ఆరెయ్యండి. పసుపు రంగు ఎండకు నిలవదు. ఒకరోజుకు పోకపోతే మళ్లీ తడిపి ఆరెయ్యండి. రంగు బట్టలైతే ఎక్కువసేపు ఉంచకండి, వాటి రంగూ వెలుస్తుంది.

టాయిలెట్ బేసిన్‌లో పచ్చటి గార

రాత్రి నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు చల్లి, పొద్దున బ్రష్ వేస్తే వచ్చేస్తుంది. అయితే ఒక్క జాగ్రత్త, ఇది ప్రాణానికి సంబంధించినది: బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ పడకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ముందురోజు బ్లీచింగ్ వేసి ఉంటే రెండు మూడుసార్లు బాగా నీళ్లు కొట్టాకే ఇది మొదలుపెట్టండి.

కుంకుడు రసం నురగ రావట్లేదు, రెండు రోజులకే వాసన వస్తోంది

గింజలు తీయకుండా నానబెట్టి ఉంటారు. సబ్బుగుణం అంతా పైతోలులోనే ఉంటుంది. పది పన్నెండు కాయల గింజలు తీసి, లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి, చల్లారాక పిసికి వడగట్టండి. బయట ఉంచితే పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో వారం ఆగుతుంది, ఐస్ ట్రేలో గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. ఆ ముక్కల సంచీ మీద పేరు రాసి పెట్టండి, పిల్లలు ఐస్ అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.