బడి ఎవరి మాట వింటోంది? ప్రభుత్వ పాఠశాలలో పిల్లల, తల్లిదండ్రుల, ఊరి భాగస్వామ్యాన్ని అంచనా వేయడం

బడికీ ఊరికీ ఎంత సంబంధం ఉందో తేల్చమంటే చాలామంది ముందు రిజిస్టర్లు అడుగుతారు. కమిటీ ఉంది, సమావేశాలు జరిగాయి, సంతకాలున్నాయి కాబట్టి పూర్తి మార్కులు వేసేస్తారు. సంతకాలను బట్టి మనుషులు వచ్చారని మాత్రమే తెలుస్తుంది, అదీ అన్నిసార్లూ కాదు. వచ్చినవాళ్లు ఏం అడిగారు, అడిగాక బడిలో ఏం మారింది అన్నది తేల్చాలి. 100 నుంచి 150 మంది పిల్లలున్న బడికి ఇద్దరు మనుషులు, నాలుగు రోజులు చాలు. ఆ ఇద్దరూ ఆ బడి టీచర్లు కాకూడదు. ఒకరైనా మహిళ ఉండాలి, లేకపోతే చాలా ఇళ్లలో తల్లులు నోరు విప్పరు.

తీర్మానాల పుస్తకం

విద్యాహక్కు చట్టం, 2009లోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. సభ్యుల జాబితాను ఈ ఏటి హాజరు పట్టీతో పోల్చండి. పిల్లలు బడి వదిలి వెళ్లిపోయినా పేర్లు మాత్రం ఉండిపోయిన సభ్యులు దొరుకుతారు. తెలంగాణలో ప్రభుత్వ బడుల పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి గ్రామ సమాఖ్య (ఊళ్లోని మహిళా స్వయం సహాయక సంఘాల సమాఖ్య) అధ్యక్షురాలు అధ్యక్షత వహిస్తారు. ఆమె పిల్లలు ఆ బడిలో చదవకపోవచ్చు. అందుకని అక్కడ చదివే పిల్లల తల్లుల మాట కమిటీ దాకా ఎలా చేరుతోందో విడిగా అడగాలి.

తర్వాత చివరి పది తీర్మానాలు తీయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: ఆ మాట ఎత్తింది ఎవరు, పని జరిగిందా, జరిగినట్టు మీ కళ్లతో చూశారా. ‘హెచ్‌ఎం గారు తెలియజేశారు’ అన్న వాక్యాలే నిండి ఉంటే అవి పైనుంచి వచ్చిన సర్క్యులర్లు చదివి వినిపించిన సమావేశాలు. ‘ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదని ఒక తల్లి చెప్పారు’ అన్న వాక్యం ఒక్కటి కనిపించినా దాని వెంట పడండి. గడియ పెట్టారా? ఎన్నాళ్లకు పెట్టారు? ఆ సంగతి ఆ తల్లికి ఎవరైనా చెప్పారా? ఇలాంటి ఒక్క మాటను చివరిదాకా పట్టుకుంటే, యాభై ప్రశ్నల ఫారం నింపినా తెలియనిది తెలుస్తుంది.

సమావేశం వేళ కూడా చూడాలి. నాట్ల రోజుల్లో ఉదయం పదకొండింటికి పెడితే కూలికి వెళ్లే తల్లి రాలేదు. రాని వాళ్లకు బడి మీద శ్రద్ధ లేదని రాసేయడం పెద్ద తప్పు. సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే ఆ పేర్ల ఇళ్లకే వెళ్లి అడగండి. మహిళా సభ్యురాలి బదులు భర్త వచ్చి కూర్చోవడమూ మామూలే. దాన్ని ఆమె హాజరుగా లెక్కించకండి.

ఇళ్లకు వెళ్లడం

ఎవరింటికి వెళ్లాలో హెచ్‌ఎం గారిని అడిగితే బాగా మాట్లాడేవాళ్ల ఇళ్లే చూపిస్తారు. హాజరు పట్టీలో ప్రతి ఐదో పేరు ఎంచుకోండి. 120 మంది ఉంటే 24 ఇళ్లు వస్తాయి. గత నెలలో ఎక్కువగా మానేసిన పిల్లల ఇళ్లు మరో ఐదు కలపండి. బడితో తెగిపోయిన బంధం ముందు అక్కడే బయటపడుతుంది. సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి, పేర్లు రాసుకోవద్దు.

‘బడి బాగుందా అమ్మా?’ అని అడిగితే ‘బాగుంది సార్’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. జరిగిన సంగతి అడగాలి. ‘గత నెలలో బడి నుంచి మీతో ఎవరైనా మాట్లాడారా, దేని గురించి?’ ‘మీ పాప ఇప్పుడు ఏ లెక్కల దగ్గర తడబడుతోంది?’ ‘మీరు ఎప్పుడైనా బడిలో ఏదైనా చెప్పారా, చెప్తే ఏమైంది?’ రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం తీసుకున్నారే గానీ దాన్ని విప్పి చెప్పలేదన్నమాట.

బడి వాట్సాప్ గ్రూపులో ఎన్ని ఇళ్ల నంబర్లున్నాయో లెక్కపెట్టండి. ఫోను వలస వెళ్లిన తండ్రి దగ్గర ఉంటే సందేశం తల్లికి చేరదు. చదువు రాని తల్లికి రాసి పంపిన సందేశం కన్నా అరనిమిషం వాయిస్ మెసేజ్ ఉపయోగం.

ఒకేసారి రాష్ట్రమంతా జరిగే పెద్ద కార్యక్రమాలను విడిగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అలాంటి రోజున ఎంతమంది వచ్చారన్నది రాసుకోండి గానీ, మార్కులు మాత్రం తర్వాతి రెండు మామూలు సమావేశాల హాజరుకే వేయండి.

పిల్లలు

మూడు వేర్వేరు రోజులు, అందులో ఒకటి సోమవారం, ఒకటి సంత రోజు, తరగతిలో తలలు లెక్కపెట్టి హాజరు పట్టీతో పోల్చండి. రెండు తరగతుల్లో ఇరవై నిమిషాల చొప్పున వెనక కూర్చుని, ఎంతమంది వేర్వేరు పిల్లలు నోరు విప్పారో, ఎంతమంది తమంతట తాము ప్రశ్న అడిగారో గీతలు గీసుకోండి. కోరస్‌గా ‘అర్థమైంది టీచర్’ అనడాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇద్దరు ముగ్గురు పిల్లలే జవాబులు చెబుతుంటే ఆ తరగతి చురుగ్గా కనిపిస్తుంది, కానీ పాల్గొంటున్నది ఆ ఇద్దరు ముగ్గురే. ఆరో తరగతి పైవాళ్లకు చీటీలిచ్చి ‘అర్థం కాకపోతే ఏం చేస్తావు?’ అని టీచర్ బయట ఉన్నప్పుడు రాయించండి.

ఊరు

ఫ్యాన్ల మీద, బెంచీల మీద దాతల పేర్లు చూసి ఊరి భాగస్వామ్యం బ్రహ్మాండం అనుకోవద్దు. విరాళం మంచిదే. కానీ ఈ ఏడాది ఊళ్లో ఎవరైనా తరగతికి వచ్చి పిల్లలకు ఏదైనా చెప్పారా అని అడగండి, కుమ్మరి, నర్సు, రైతు ఎవరైనా సరే. బడి నుంచి పిల్లలు ఊళ్లోకి వెళ్లి ఏమైనా నేర్చుకున్నారా అని కూడా అడగండి.

మార్కులు వేయడం

బడుల నాణ్యతను అంచనా వేయడానికి కేంద్రం 2015లో తెచ్చిన శాలాసిద్ధి చట్రంలో ఏడు రంగాలున్నాయి, చివరిది సమాజ భాగస్వామ్యం. ఒక్కో ప్రమాణానికి మూడు స్థాయిలు. ఆ స్థాయిలనే వాడుకోవచ్చు, కానీ ప్రతి స్థాయి పక్కన దాన్ని నిలబెట్టే ఆధారం ఒక్క వాక్యమైనా ఉండాలి. ఆధారం లేకపోతే అన్నిటికన్నా కిందిదైన ఒకటో స్థాయే. పిల్లలకు, తల్లిదండ్రులకు, ఊరికి వచ్చిన మార్కులు కలిపి సగటు తీయకండి. దాతలు గట్టిగా ఉన్న ఊళ్లో తల్లుల మౌనం ఆ సగటు కింద కప్పబడిపోతుంది.

నివేదికను ముందు మండల విద్యాధికారికి (ఎంఈవో) పంపేయకుండా, సాయంత్రం పూట బడిలోనే అందరినీ పిలిచి తెలుగులో చదివి వినిపించండి. తప్పుంటే అక్కడే దిద్దుతారు. ఆ సభలో రెండే పనులు ఎంచుకుని, ఎవరు చేస్తారో, ఏ తేదీకో తీర్మానాల పుస్తకంలో రాయించండి. మూడు నెలలకు మళ్లీ వెళ్లినప్పుడు ముందు ఆ పేజీ తెరవండి.