వాణిజ్యనామాన్ని క్రియగా వాడకుండా సూచనలు రాయడం ఎలా?

"ఆధార్ కార్డు జిరాక్స్ చేసి, రుసుము ఫోన్‌పే చేసి, రసీదు వాట్సాప్ చేయండి." దరఖాస్తు సూచనల్లో ఇలాంటి వాక్యాలను దిద్ది దిద్ది విసిగిపోయాను. తెలుగులో చాలా నామవాచకాలకు 'చేయు' తగిలిస్తే క్రియ అయిపోతుంది కాబట్టి ఈ తప్పు చాలా సులువుగా దొర్లుతుంది.

ముందు రాతప్రతిలోని కంపెనీ పేర్లన్నిటినీ వెతికి గుర్తు పెట్టాలి. 'జిరాక్స్', 'జెరాక్స్' రెండింటినీ, కలిపి రాసిన 'ఫోన్‌పే'నూ విడదీసి రాసిన 'ఫోన్ పే'నూ వెతకాలి.

పని చెడేది తర్వాతి మెట్టు దగ్గరే. ఒక్కో పేరు దగ్గర ఆగి, పాఠకుడు నిజంగా చేయవలసిన పని ఏమిటి, అది ఆ కంపెనీ సాధనంతోనే జరగాలా అని ప్రశ్నించుకోవాలి. జిరాక్స్ సంగతి తేలిక: యంత్రం ఎవరిదైనా ఒకటే కనుక 'నకలు తీయండి' అనాలి. యూపీఐ చెల్లింపు కూడా ఏ యాప్ నుంచైనా వెళ్తుంది కాబట్టి ఫోన్‌పే పేరు తీసేయాల్సిందే. కానీ 'చెల్లించండి' అని ఊరుకుంటే, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలో, మొబైల్ నంబరుకు పంపాలో పాఠకుడికి తెలియదు. వాట్సాప్ ఇందుకు తలకిందులు. కార్యాలయం రసీదును అందులోనే తీసుకుంటున్నప్పుడు 'సందేశం పంపండి' అని మారిస్తే, పాఠకుడు ఎస్ఎంఎస్ పంపి జవాబు కోసం ఎదురుచూస్తాడు. అక్కడ పేరు ఉండాలి, అయితే 'లో' విభక్తితోనే ఉండాలి. 'ఫొటోషాప్ చేసి పంపండి' అన్నది అన్నిటికంటే గడ్డు: వెనక రంగు తెల్లగా మార్చమనా, అంచులు కత్తిరించమనా, ఫైలు సైజు తగ్గించమనా? రాసినవారినే అడగాలి, ఊహించి దిద్దకూడదు. అన్నిటినీ ఒక్కసారే మార్చేసే పద్ధతిని నేను ఒప్పుకోను. ఒకసారి అలా చేస్తే తెరమీద కనిపించే బటన్ పేరు కూడా సూచనల్లో మారిపోయి, ఆ బటన్ ఎవరికీ దొరకలేదు.

క్రియగా వాడితే ట్రేడ్‌మార్క్ హక్కు పోతుందని భయపెట్టి దిద్దించేవారున్నారు. గూగుల్ పేరుపై నడిచిన వ్యాజ్యంలో, క్రియగా వాడినంత మాత్రాన హక్కు పోదని అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2017లో తేల్చింది. నేను దిద్దేది సూచన చదివి పని చేసుకోవలసిన మనిషి కోసం.

చివరగా పనికొక వాక్యం చొప్పున విడగొట్టాలి: "ఆధార్ కార్డు నకలు తీయండి. కౌంటరు దగ్గరి క్యూఆర్ కోడ్‌ను ఏదైనా యూపీఐ యాప్‌తో స్కాన్ చేసి రుసుము చెల్లించండి. రసీదు ఫొటోను కార్యాలయం నంబరుకు వాట్సాప్‌లో పంపండి."