రెండు సిడ్ చిప్‌లతో స్టీరియో – మూడో పాఠం: మధ్యకు రెండు గొంతులు ఖర్చు

గత రెండు పాఠాల్లో పాత ఇంటి కంప్యూటరు కమొడోర్ 64లోని ఒక్క సిడ్ చిప్‌తో (దాని శబ్దాల చిప్) మూడు గొంతులనూ, అంటే ఒకేసారి మోగగల మూడు స్వరాలనూ, పలికించాం. తరంగ రూపాలు, స్వరం ఎత్తు ఎక్కి దిగే నాలుగు దశలైన ఎటాక్, డికే, సస్టైన్, రిలీజ్ చేతికి వచ్చాయనే లెక్కలో ముందుకు పోదాం. ఇప్పుడు రెండో చిప్ వస్తోంది. ఒకటి ఎడమ స్పీకరుకు, ఒకటి కుడి స్పీకరుకు. మొత్తం ఆరు గొంతులు.

ఆరు అనగానే చెయ్యి ధారాళమవుతుంది. ఆగండి. సిడ్‌లో పాన్, అంటే శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే వీలు, లేదు. చిప్ నుంచి శబ్దం బయటికొచ్చే పిన్ను ఒక్కటే, 27వది. మూడు గొంతులూ లోపలే కలిసి అందులోంచి వస్తాయి. అందుకే ఎడమ చిప్‌లో వాయించింది పూర్తిగా ఎడమే, కుడిది పూర్తిగా కుడే. ఒక స్వరం మధ్యలో వినపడాలంటే దాన్ని రెండు చిప్‌లలోనూ ఒకేసారి వాయించాలి. పాట మధ్యలో, బాస్ మధ్యలో అన్నారంటే నాలుగు గొంతులు అయిపోయాయి, తాళానికి రెండే మిగిలాయి. స్టీరియో చిప్‌ట్యూన్ (ఇలాంటి చిప్‌ల సంగీతం) అంతా ఈ ఖర్చు లెక్కే.

చిరునామాలు

మొదటి చిప్ 54272 దగ్గర ఉంటుంది. రెండోదాన్ని 54304లో పెడదాం, అంటే 32 ఎక్కువ. మొదటి చిప్‌కు నేర్చుకున్న ప్రతి రిజిస్టరుకూ (చిప్‌కు అంకెలు రాసే చోటు) 32 కలిపితే రెండో చిప్‌ది వస్తుంది. వాల్యూము 54296 అయితే కుడిది 54328.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అసలు మెషీను దొరకడం కష్టం కాబట్టి ఎక్కువమంది ల్యాప్‌టాప్‌లో ఆ మెషీనును అనుకరించే వైస్ ఎమ్యులేటరే వాడతారు. సిడ్ సెట్టింగ్స్‌లో అదనపు చిప్ ఒకటి ఎంచుకుని చిరునామా 54304 పెట్టండి (అక్కడ హెక్స్‌లో కనిపిస్తుంది). సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ స్టీరియోకు మార్చండి. మోడల్ పాల్‌లోనే (యూరప్ టీవీ పద్ధతి) ఉంచండి, ఈ పాఠంలోని అంకెలన్నీ పాల్ గడియారం 985248 హెర్ట్జ్‌కు కట్టినవి.

రెండో చిప్ నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి. రెండో చిప్ లేకపోతే 54304కు రాసింది మొదటి చిప్‌కే వెళ్తుంది, ఎందుకంటే దాని రిజిస్టర్లు ప్రతి 32 బైట్లకూ మళ్ళీ కనిపిస్తుంటాయి. కాబట్టి "శబ్దం వచ్చింది" అన్నది పరీక్ష కాదు. 54304 వైపు మాత్రమే రాసి, హెడ్‌ఫోన్‌లో ఒక్క కుడి చెవిలోనే వినపడిందో లేదో చూడండి.

అసలు మెషీను ఉన్నవాళ్ళకు కొన్ని మాటలు. రెండో చిప్‌ను మొదటిదాని మీద ఎక్కించి టంకం వేసేటప్పుడు 1 నుంచి 4 వరకు పిన్నులు, 8, 23, 24, 26, 27 పైకి వంచి విడిగా ఉంచాలి. 8వది చిప్ సెలెక్టు. దాన్ని వంచడం మరిస్తే రెండు చిప్‌లూ ఒకే పాట పాడతాయి. 54304 కావాలంటే ఏ5 అడ్రసు లైనును కూడా చూసి డీకోడ్ చేసే చిన్న బోర్డు కావాలి. అది లేకుండా తేలిక దారి, కార్ట్రిడ్జ్ పోర్టు 7వ పిన్నుకు 8వ పిన్ను కలపడం. అప్పుడు చిరునామా 56832 అవుతుంది, కానీ ఆ చోటు వాడే కార్ట్రిడ్జ్‌లతో గొడవ పడుతుంది.

సిడ్ రెండు రకాలు: 6581కు 12 వోల్టులు, 8580కు 9. 12 వోల్టుల బోర్డులో 8580 పెడితే చిప్ పోతుంది. ఫిల్టరు కెపాసిటర్లు 6581కు 470 పికోఫారడ్, 8580కు 22 నానోఫారడ్. 1-2 పిన్నుల మధ్య ఒకటి, 3-4 మధ్య ఒకటి, ఏ చిప్‌వి ఆ చిప్‌కే. 27వ పిన్ను నుంచి నేలకు (గ్రౌండ్) 1 కిలో ఓమ్ రెసిస్టరు 6581కే, 8580కు వద్దు. రెండు 27లనూ ఒకచోట కలపకండి. కుడిదానికి బోర్డు మీద ఎడమదానికి ఉన్నలాంటి ట్రాన్సిస్టరు బఫరు వేరే కట్టి, 10 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా జ్యాక్‌కు పంపండి. స్విచ్ వేసే ముందు పాత కమొడోర్ అడాప్టరు 5 వోల్టుల లైనును మల్టీమీటరుతో కొలవండి. ఆ రెగ్యులేటరు చెడితే వోల్టేజి పైకి పోతుంది, ర్యామునూ సిడ్‌నూ కూడా తీసుకుపోతుంది. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో సాకెట్ పిన్నులు ఉప్పుగాలికి నల్లబడతాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

మధ్యలో ఒక స్వరం

ముందు 54272 నుంచి 54296 వరకు, 54304 నుంచి 54328 వరకు అన్నిటా సున్నా పోక్ చెయ్యండి (పోక్ అంటే చిరునామాలో అంకె రాసే బేసిక్ ఆజ్ఞ). వాల్యూములు రెండూ 15. తర్వాత 440 హెర్ట్జ్: సూత్రం ప్రకారం 7493 వస్తుంది, అంటే పై బైటు 29, కింది బైటు 69.

ఎడమ: 54272లో 69, 54273లో 29, 54277లో 9, 54278లో 200.
కుడి: 54304లో 69, 54305లో 29, 54309లో 9, 54310లో 200.

ఇక 54276లో 33, ఆ తర్వాత 54308లో 33 వేస్తే రంపపు తరంగం మోగుతుంది. కానీ జాగ్రత్తగా వినండి, స్వరం మొదలు నడుమ నుంచి కాక ఎడమ నుంచి వస్తుంది. బేసిక్‌లో ఒక పోక్‌కూ మరో పోక్‌కూ మధ్య మిల్లీసెకన్లు గడుస్తాయి. మన చెవి ముందు మోగిన వైపే నమ్ముతుంది, ఒక మిల్లీసెకను కన్నా తక్కువ తేడా ఉన్నా శబ్దం అటు జరిగిపోతుంది. అందుకే రెండు గేట్లనూ (స్వరాన్ని మొదలుపెట్టి, ఆపే బిట్లు) మెషీన్ కోడ్‌లో తెరవాలి. 49152 నుంచి వరసగా ఈ 17 అంకెలు పోక్ చెయ్యండి:

169, 8, 141, 4, 212, 141, 36, 212, 169, 33, 141, 4, 212, 141, 36, 212, 96

ఇకపై స్వరం మోగించాలంటే సిస్ 49152. ఇప్పుడు రెండు గేట్ల మధ్య తేడా 4 మైక్రోసెకన్లే. ముందు వేసిన 8 టెస్టు బిట్టు, అది రెండు ఆసిలేటర్లనూ సున్నా దగ్గర నిలబెడుతుంది. అందువల్ల తరంగాలు కూడా కలిసి బయలుదేరతాయి. స్వరం ఆపడానికి 54276లో, 54308లో 32.

రన్-స్టాప్, రిస్టోర్ కొడితే కుడి చిప్ మాత్రం అరుస్తూనే ఉంటుంది. మెషీను లోపలి మూల ప్రోగ్రాము కెర్నల్‌కు రెండో చిప్ ఉందని తెలియదు మరి. పైన చెప్పిన సున్నాల లూపును ఒక చిన్న ప్రోగ్రాముగా దాచుకోండి.

గొంతుకు విడిగా వాల్యూము లేదు కాబట్టి నడుమ నుంచి కొంచెం ఎడమకు జరపాలంటే సస్టైన్ తగ్గించాలి. కుడి 54310లో 200 బదులు 104 వేస్తే సస్టైన్ 12 నుంచి 6కు దిగుతుంది, ఎత్తు సగం. పాన్ లేని చిప్‌లో పాన్ ఇదే.

వెడల్పు, దాని వడ్డీ

కుడి కింది బైటును 69 నుంచి 79 చెయ్యండి. ఒక్కో అంకెకు 0.0587 హెర్ట్జ్ చొప్పున తేడా 0.587 హెర్ట్జ్. స్వరం ఒక్కసారిగా గది అంతా పరుచుకుంటుంది. 86 చేస్తే తేడా దాదాపు ఒక హెర్ట్జ్.

అదే స్వరాన్ని మోనోలో, అంటే రెండు వైపులూ ఒకటిగా కలిపి, వినండి. సెకనుకోసారి స్వరం ఉబ్బి, కుంగుతుంది. రెండు తరంగాలు కలిసినప్పుడు పెరిగి, ఎదురైనప్పుడు కొట్టేసుకుంటాయి. మీ పాట వినేవాళ్ళలో చాలామంది ఒక్క స్పీకరు ఫోనులోనే వింటారు. సిరిమాను పండగ నాడు మైక్‌సెట్ మీద వేసినా మోనోనే, ఎన్ని హారన్లు కట్టినా ఒకటే తీగ. మా మాట అడిగితే, పాటకు 10 అంకెల తేడా దాటొద్దు, బాస్‌కు అసలు తేడాయే వద్దు. నడుమ పెట్టిన స్వరానికి ఫిల్టరు కూడా వద్దు. 6581ల ఫిల్టర్లు ఏ రెండూ ఒకేలా ఉండవు, ఒకే అంకె ఇచ్చినా ఒకవైపు మూగగా, ఒకవైపు పదునుగా వస్తుంది.

పక్కల్లో ఏం పెట్టాలి

మన దగ్గర రెండు మంచి వాయిద్యాలున్నాయి. తప్పెటగుళ్ళలో ఛాతీ మీది తప్పెట, జముకుల కథలో తీగ లాగితే స్వరం పైకెక్కే జముకు. మొదటిది ఎడమకు, రెండోది కుడికి.

తప్పెట, ఎడమ రెండో గొంతు: 54284లో 5, 54285లో 0, 54280లో 20, 54283లో 129. ఒక ఫ్రేము, అంటే 20 మిల్లీసెకన్లు, నాయిస్ మోగనిచ్చి 54280లో 6, 54283లో 17 వెయ్యండి. చరుపు నాయిస్ నుంచి, లోతు 90 హెర్ట్జ్ త్రికోణ తరంగం నుంచి వస్తాయి. నాయిస్ రెండు మూడు ఫ్రేములు ఉంచితే తప్పెట కాస్తా స్నేర్ అవుతుంది. మళ్ళీ కొట్టే ముందు 54283లో 16 వేసి గేటు మూయండి.

జముకు, కుడి రెండో గొంతు: 54314లో 8, 54316లో 8, 54317లో 0, 54315లో 65. తర్వాత ఫ్రేముకొకటి చొప్పున 54312లో 8, 10, 12, 14, 16, 18. స్వరం 120 నుంచి 270 హెర్ట్జ్ వరకు లేస్తుంది. కింది బైటు ముట్టుకోకపోవడం కావాలనే. రెండు బైట్లూ వేర్వేరుగా మారిస్తే మధ్యలో ఒక తప్పు స్వరం దూరి టిక్కుమంటుంది. ఈ ఎక్కడం 120 మిల్లీసెకన్లు పడుతుంది, ట్రాకర్‌లో (స్వరాలను వరసలుగా రాసే ప్రోగ్రాము) స్పీడు 6 పెడితే సరిగ్గా ఒక వరస.

మిగిలినవి రెండు మూడో గొంతులు. వాటిని బాస్‌కు ఇస్తే ఆరూ నిండాయి. ప్రతిధ్వని కావాలంటే బాస్‌ను తప్పెట గొంతులోకే దించండి, దెబ్బ మూడు ఫ్రేముల్లో అయిపోయాక అదే గొంతు బాస్ పలుకుతుంది. బాస్ ఎడమకు పోతుంది, నిజమే. హెడ్‌ఫోన్‌లో కొంచెం బరువుగా ఉంటుంది, స్పీకర్లలో పట్టదు. జముకు గొంతులోనూ అదే బాస్‌ను వేసి సరిచూసుకోవచ్చు.

వచ్చే పాఠానికి గోట్‌ట్రాకర్ స్టీరియో కూర్పును దించుకుని ఉంచండి. అప్పటికి ఎనిమిది వరసల తప్పెట-జముకు నడక ఒకటి కాగితం మీద రాసుకోండి, ఏ గొంతు ఏ వరసలో ఖాళీగా ఉందో పక్కనే గుర్తుపెట్టి.