వంట ఇష్టం లేకపోయినా సరే, బ్రెడ్ మాత్రం ఫ్రీజర్‌లో పెట్టండి

మొన్న ఇల్లు వదిలి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడి గదికి వెళ్తే, బల్ల మీద సగం తిన్న బ్రెడ్ ప్యాకెట్ బూజు పట్టి ఉంది. "ఆ ముక్క తీసేసి మిగతాది తింటాను అన్నా" అన్నాడు. తినకూడదు. బ్రెడ్ మెత్తగా, గుల్లగా ఉంటుంది. పైన పచ్చటి మచ్చ కనబడేసరికే బూజు పోగులు లోపలికి దిగిపోయి ఉంటాయి. ప్యాకెట్ మొత్తం పారేయాల్సిందే.

నా మొదటి నెలల్లో చాలా రాత్రులు టీ బిస్కెట్లతోనే గడిచాయి. ఒంట్లో ఓపిక ఉండేది కాదు, ప్రతి చిన్నదానికీ చిరాకు. మీకు ఆ గతి పట్టకూడదనే కాస్త గట్టిగా చెబుతున్నాను.

బ్రెడ్ కొన్న రోజే, ఒకటి రెండు రోజులకు సరిపడా ముక్కలు బయట ఉంచుకుని మిగతావి ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ అరలో కాదు, ఫ్రీజర్‌లో! ఫ్రిజ్ చల్లదనానికి బ్రెడ్‌లోని పిండిపదార్థం త్వరగా గట్టిపడుతుంది, బయట ఉంచినదానికంటే ముందే అట్టముక్కలా అయిపోతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది, బూజూ పెరగదు. ముక్కలు అతుక్కోకుండా ముందే విడదీసి, కవర్లో గాలి లేకుండా నొక్కి, మూతి బిగించండి. ఆకలేసినప్పుడు రెండు ముక్కలు తీసి నేరుగా టోస్టర్‌లో వేసుకోవడమే. టోస్టర్ లేకపోతే పెనం, సన్నని సెగ. ఇంత చెప్పినా వారం తిరక్కుండానే ఎవరో ఒకరి బ్రెడ్ ఫ్రిజ్ అరలో కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి.

ఆ రెండు ముక్కలతో శాండ్‌విచ్ చేసుకోండి, లోపల ఏం పెట్టాలా అని టెన్షన్ అక్కర్లేదు. పీనట్ బటర్ రాసి అరటిపండు చక్రాలు పెట్టండి. లేదా డబ్బాలో ఉడికించి అమ్మే శనగలు తెచ్చి, నీళ్లు వంపేసి కడిగి, ఫోర్కుతో మెదిపి, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి కలపండి. పొయ్యి వెలిగించే పనే లేదు. గుడ్లు ఒకేసారి అరడజను ఉడకబెట్టి, పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో ఉంచితే వారం వస్తాయి. మరిగే నీళ్లలో 10 నుంచి 12 నిమిషాలు చాలు.

టమాటా పెట్టే ముందు ముక్కల మీద ఉప్పు చల్లి, ఊరిన నీళ్లు వంపేయండి. బ్రెడ్‌కు లోపలివైపు అంచుల దాకా వెన్న రాస్తే తడి లోపలికి ఇంకదు. గుడ్డు, చికెన్, ట్యూనా పెట్టినవి బయట 2 గంటలకు మించి ఉంచకండి. మధ్యాహ్నం దాకా బ్యాగులోనే ఉండాలంటే పక్కన ఐస్ ప్యాక్ ఉండాలి. అది లేకపోతే ఆ పూటకు పీనట్ బటరే మేలు.

సరే, చాలా అరిచాను. రోజూ ఇదే తింటున్నామే అని మాత్రం దిగులు పడకండి. రెండు బ్రెడ్ ముక్కలు, ఒక గుడ్డు, ఒక పండు తింటే ఒక పూట భోజనం అయినట్టే. నాలుగైదు వారాలకు చేయి దానంతటదే తిరుగుతుంది. ఫోన్‌లో ఇంట్లోవాళ్లు "తిన్నావా?" అని అడిగితే తిన్నాననే చెప్పండి, అందులో అబద్ధమేమీ లేదు.